నెల పేరు కుదరలేదని నెలంతా ఖాళీ

ఈ ఉత్తరం నాలుగు పేజీలుంది. మొత్తం వెయ్యడానికి చోటు లేదు కాబట్టి నా మాటల్లో కుదిస్తున్నాను. రాసినావిడకి 34 ఏళ్ళు. హైదరాబాద్‌లో ఉద్యోగం, రెండో తరగతి చదివే బాబు, రెండు వీధుల అవతల అమ్మానాన్న. గ్యాస్ బుకింగు, స్కూలు ఫీజు, నాన్నగారి మందులు అన్నీ మర్చిపోతున్నానని మూడేళ్ళ కిందట బుల్లెట్ జర్నల్ మొదలుపెట్టారు. అంటే చుక్కల కాగితాల నోటుబుక్కులో గళ్ళూ గీతలూ మనమే గీసుకుని, చెయ్యాల్సిన పనులు రాసుకోవడం. మొదటి ఏడాది ఒక్క నల్ల పెన్నుతో సాదాగా సాగింది. తర్వాత ఆన్‌లైన్‌లో వీడియోలు చూసి, ప్రతి నెల మొదటి పేజీలో నెల పేరు పెద్దగా, అందంగా రాయడం అలవాటైంది. పక్కన పూలు, రంగులు. నెలాఖరు ఆదివారం రాత్రి అందరూ పడుకున్నాక కూర్చుంటే ఒంటిగంట, ఒక్కోసారి రెండు. ఫొటోలు ఇన్‌స్టాలో పెడితే ఆరేడు వందల మంది చూసేవాళ్ళున్నారు.

ఈ ఉగాదికి "ఇక నుంచి తెలుగులోనే" అని నిర్ణయించుకున్నారు. ఏప్రిల్ ఓ మోస్తరుగా వచ్చింది. మే అంటే ఒక్క అక్షరమే, పేజీ బోసిపోయింది. జూన్ కుదిరింది. జులైలో 'లై' కింద తోక ముందే గీసి పెట్టుకున్న క్యాలెండర్ గళ్ళలోకి దిగిపోయింది. పేజీ చింపారు. రెండోసారీ అంతే, మళ్ళీ చింపారు. మూడోసారికి ఓపిక లేక పుస్తకం మూసేశారు, ఆ నెలంతా తెరవలేదు. జులై 14న నాన్నగారికి కంటి చెకప్, శుక్లాల ఆపరేషన్ తర్వాతది. ఆ తేదీ రాసిన చీటీ టిఫిన్ బ్యాగు జేబులో ఉండిపోయింది. ఆయన పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫైలు ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చున్నారట. పదకొండింటికి అమ్మగారు ఫోన్ చేసేదాకా ఈవిడకి గుర్తులేదు. ఆ రాత్రి భర్త అన్న మాట: "పూలు గియ్యడానికి టైముంటుంది, మీ నాన్న డేటు రాసుకోవడానికుండదా?"

ఆవిడ అడిగినవి మూడు. హెడింగులు పూర్తిగా మానెయ్యాలా? 4,500 పెట్టి రెండు వారాంతాల బ్రష్ లెటరింగ్ (కుంచెలాంటి మూతి ఉన్న పెన్నుతో అందంగా రాయడం) క్లాసుంది, చేరాలా? మళ్ళీ ఇంగ్లిష్‌కే వెళ్ళిపోవాలా ("ఇంగ్లిష్‌వే బాగుండేవి" అని ఒకరు కామెంట్ కూడా పెట్టారట)? చివర్లో ఇంకో చిన్న ప్రశ్న ఉంది, దానికి చివర్లోనే చెప్తాను.

చూడండమ్మా, మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు మీ ఆయన మాట మీద కోపం వచ్చింది. రెండోసారి చదువుతుంటే ఇంకో చోట ఆగాను. డాక్టరు ఆ తేదీ జూన్ మూడో వారంలోనే చెప్పారని మీరే రాశారు. అప్పటికి జూన్ పేజీలున్నాయి, హెడింగ్ బ్రహ్మాండంగా వచ్చింది, పుస్తకం రోజూ తెరుస్తున్నారు. మరి 14 అన్న అంకె అందులోకి ఎందుకెక్కలేదు? జులైకి ఇంకా పేజీ లేదు కాబట్టి. జులైకి పేజీ ఎందుకు లేదు? హెడింగ్ రాయందే పేజీ మొదలవదని మీరు పెట్టుకున్న రూలు వల్ల. జులైలో హెడింగ్ ముత్యాల్లా వచ్చి ఉన్నా ఆ తేదీ చీటీ మీద పది రోజులు టిఫిన్ బ్యాగులోనే తిరిగేది. అందమైన అక్షరాల తప్పు కాదిది. రాబోయే నెల తేదీ రాసుకునే చోటు మీ పుస్తకంలో లేదు, అంతే.

ఆ చోటు అసలు పద్ధతిలో ఉంది. ఈ బుల్లెట్ జర్నల్‌ని 2013లో జనం ముందుకు తెచ్చింది రైడర్ కారోల్ అనే అమెరికా డిజైనర్. చిన్నప్పటి నుంచి దేని మీదా ధ్యాస నిలవని ఇబ్బంది ఉంటే, దాన్ని దాటడానికి తన కోసం తయారు చేసుకున్న పద్ధతి. ఆయన పెట్టింది చాలా సాదా వ్యవహారం. పనికి చుక్క, ఎక్కడికైనా వెళ్ళాల్సి ఉంటే సున్నా, ఊరికే గుర్తుకి ఓ అడ్డగీత. పని అయిపోతే చుక్క మీద ఇంటూ. నెల పేజీ అంటే పైన నెల పేరు, కింద 1 నుంచి 30 దాకా అంకెలు ఒకదాని కింద ఒకటి. పూలూ లేవు, బ్రష్ పెన్నులూ లేవు. అవన్నీ తర్వాత జనం కలుపుకున్నవి, కలుపుకోవడం తప్పేం కాదు. కానీ కలుపుకునేటప్పుడు మీరు ఒకటి వదిలేశారు. పుస్తకం మొదట్లో నాలుగు పేజీలు ఉంచుకుని, రాబోయే ఆరు నెలలకీ చిన్న చిన్న గళ్ళు గీసుకుంటారు, దాన్ని ఫ్యూచర్ లాగ్ అంటారు. డాక్టరు "నెల తర్వాత రండి" అనగానే ఆసుపత్రి బెంచీ మీద కూర్చునే ఆ గడిలో "14 నాన్న కన్ను" అని గీకెయ్యాలి. ఆ పేజీల్లో హెడింగ్ ఉండకూడదు, రంగు ఉండకూడదు, అక్షరం అందంగా ఉండాలన్న బాధ అసలే ఉండకూడదు. మీ పుస్తకంలో మొదట్లో ఖాళీ లేకపోతే చివరి అట్ట లోపలివైపు ఒక కాగితం అంటించుకోండి. హెడింగుల సంగతి ఎలా తేల్చుకున్నా ఇది మాత్రం చెయ్యండి, ఈ జవాబులో నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. మిగతావన్నీ మీ ఇష్టం.

ఇక మానెయ్యడం గురించి. మానెయ్యచ్చు. చాలామంది మానేసి హాయిగా ఉన్నారు, నల్ల పెన్నుతో "అక్టోబర్" అని రాసి కింద గీత గీస్తే పావు నిమిషం పని. కానీ మీ నాలుగు పేజీల్లో ఒక పేజీ మొత్తం ఆ ఆదివారం రాత్రి గురించే రాశారు, గమనించారా? టేబుల్ లైటు, పెన్ను మూత తీసిన చప్పుడు, "ఆ మూడు గంటలూ నన్నెవరూ పిలవరు" అన్న వాక్యం. నాన్నగారి సంఘటనకి కూడా అంత చోటివ్వలేదు. హెడింగులు మానేస్తే ఆ మూడు గంటలు మీకు మిగులుతాయని అనుకోకండి, మిగలవు. ఇడ్లీ పిండి, యూనిఫాం ఇస్త్రీ, ఆఫీసు మెయిల్ వచ్చి అక్కడ కూర్చుంటాయి. ఆ సంగతి తెలిసి మానేస్తే సరే. ఒక మాటకి ఒళ్ళు మండి మానేస్తే మాత్రం రెండు నెలల తర్వాత ఆ మాట అన్న మనిషి మీద కోపం ఇంకా అలాగే ఉంటుంది, ఆదివారం రాత్రి మాత్రం పోతుంది.

రెండో దారి, హెడింగ్‌ని నెలాఖరుకి మార్చడం. పేజీ పైన మూడు సెంటీమీటర్లు ఖాళీ వదిలి, కింద తేదీలు వేసుకుని 1వ తేదీ నుంచి వాడటం మొదలుపెట్టెయ్యండి. నెల పేరు చివరి ఆదివారం రాయండి. నాకు ఇది ఎందుకు నచ్చుతుందంటే, అప్పటికి ఆ నెల ఎలా గడిచిందో మీకు తెలుసు. పక్కన ఏం గియ్యాలో వెతుక్కోనక్కర్లేదు. జూన్ చివర్లో కూర్చుంటే ఆ నెల ఇంట్లో తిరిగింది కంటి చుక్కల మందు సీసా, అదే గియ్యచ్చు. నష్టం కూడా ఉంది. నెలంతా పేజీ తల బోడిగా కనిపిస్తుంది, కొంతమందికి అది ముల్లులా గుచ్చుతుంది. ఇంకోటి, నెల మొదటి రోజున అందరూ పెట్టే ఫొటోల్లో మీది ఉండదు. ఆ ఆరేడు వందల మంది మీకు ఎంత ముఖ్యమో మీరే తేల్చుకోవాలి. ముఖ్యమే అనుకుంటే సిగ్గుపడాల్సిన పని లేదు.

మూడోది, రెండు పుస్తకాలు. ఒకటి పనులకి, మూలనున్న కిరాణా కొట్లో దొరికే 40 రూపాయల నోటుబుక్కు చాలు. రెండోది రాతకి, మంచి మందం కాగితం ఉన్నది. 80 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుంటుందో చెప్పే కొలత) కాగితం మీద బ్రష్ పెన్ను రంగు అవతలి వైపు నీడలా కనపడుతుంది, స్పిరిట్ మార్కరయితే ఏకంగా ఊరిపోతుంది. 120 పైన అయితే ఆ గోల తక్కువ. లాభం ఏమిటంటే, రాత చెడినా పని చెడదు. నష్టం, రెండు పుస్తకాలు మొదలుపెట్టిన చాలామంది దగ్గర నాలుగో నెలకి ఏదో ఒకటి అల్మారా పైకెక్కుతుంది. నా దగ్గరైతే పనుల పుస్తకమే ఎక్కింది, నిజం చెప్తున్నాను.

ఇక తెలుగా ఇంగ్లిషా. మీకు చెయ్యి తిరగలేదని మీరు అనుకుంటున్నారు. ఉత్తరంతో పంపిన ఫొటోలు చూశాను, చెయ్యి బానే తిరిగింది. మీ ఇబ్బంది కొలతల్లో ఉంది. ఇంగ్లిష్ వీడియోల్లో నేర్చుకున్న కొలతలే తెలుగుకీ వాడుతున్నారు. ఇంగ్లిష్‌లో నెల పేరంతా పెద్దక్షరాల్లో రాస్తే కింద ఏదీ వేలాడదు, గీత కింద నుంచే క్యాలెండర్ మొదలుపెట్టచ్చు. తెలుగు అక్షరానికి మూడు అంతస్తులు. మధ్యలో ఒళ్ళు, పైన తలకట్టు, గుడి, ఏత్వం, కింద వత్తులు. మన పన్నెండు నెలల్లో ఎన్నిటికి కింద అంతస్తు కావాలో వేళ్ళ మీద లెక్కపెట్టండి. ఫిబ్రవరిలో, ఏప్రిల్‌లో క్రావడి. మార్చిలో చ వత్తు. ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్ మూడింటిలోనూ ట వత్తు. ఆరయ్యాయా? ఏడోది ఎవరికీ తట్టదు, మీరు అక్కడే పడ్డారు. జులైకి వత్తు లేదు, కానీ ఐత్వం సగం నెత్తి మీద ఉంటే సగం కాళ్ళ కింద ఉంటుంది. జనవరి, మే, జూన్, నవంబర్, డిసెంబర్ ఈ ఐదే బుద్ధిగా గీత మీద కూర్చుంటాయి. జూన్ మీకు సునాయాసంగా కుదరడానికి, జులై చిరాకు పెట్టడానికి కారణం ఇదే తప్ప మీ మూడ్ కాదు.

కాబట్టి క్యాలెండర్ గళ్ళు ముందు గియ్యకండి. మీ పుస్తకంలో చుక్కకీ చుక్కకీ మధ్య 5 మిల్లీమీటర్లుంటుంది. అక్షరం ఒంటికి రెండు గళ్ళు, పైన ఒకటిన్నర, కింద రెండు వదలండి. పెన్సిల్‌తో మూడు సన్నటి అడ్డగీతలు వేసుకోండి. తర్వాత నెల పేరు రఫ్ కాగితం మీద అదే సైజులో రాసి, ఆ ముక్క కత్తిరించి, పేజీ మీద పెట్టి అటూ ఇటూ జరిపి చూసుకోండి. ఏ5 పేజీ అడ్డంగా 148 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 29 గళ్ళు. "సెప్టెంబర్" అందులో పట్టడానికి, "మే" అందులో నిండుగా కనపడటానికి ఒకే సైజు అక్షరం పనికిరాదు కదా. మేకి అక్షరాన్ని పేజీ సగం ఎత్తు చేసి, మ లోపలి ఖాళీలో మల్లెపూలు నింపండి. ఒక్క అక్షరం ఉన్న నెల దొరకడం అదృష్టం అనుకోవాలి, ఇంగ్లిష్ వాళ్ళకి ఆ అవకాశం లేదు.

బ్రష్ పెన్ను సంగతి. "కిందికి లాగేటప్పుడు నొక్కు, పైకి వెళ్ళేటప్పుడు వదులు" అన్న సూత్రం ఇంగ్లిష్ వాలు రాతకి చక్కగా పని చేస్తుంది. మన అక్షరాలు గుండ్రం, ఒక్క సున్నాలోనే చెయ్యి పైకీ కిందికీ తిరిగి వస్తుంది, ఎక్కడ నొక్కాలో తేలేలోపు గీత వణుకుతుంది. దానికి రెండు ఉపాయాలు. ఒకటి, మామూలు పెన్నుతో నెల పేరు రాసేసి, అక్షరానికి ఒకవైపు మాత్రమే, కుడివైపంటే అన్నిటికీ కుడివైపే, ఇంకో గీత జత చేసి మధ్యలో నింపడం. దూరం నుంచి చూస్తే బ్రష్‌తో రాసినట్టే ఉంటుంది, పావుగంటలో అయిపోతుంది. రెండోది, మూతి ఏటవాలుగా కోసినట్టుండే పెన్ను. కొత్తది కొననక్కర్లేదు, ఇంట్లో హైలైటర్ ఉంది కదా, దాని మూతి అలాంటిదే. చేతిలో తిప్పకుండా ఒకే కోణంలో పట్టుకుని "రి" రాసి చూడండి. లావూ సన్నం దానంతటదే వస్తుంది, మీరు నొక్కక్కర్లేదు. పసుపు రంగులో పేజీ నిండా ర, రి, రు రాసి పారేస్తే చేతికి పట్టు దొరుకుతుంది.

నమూనాలకి కొదవ లేదు. రామభద్ర, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ ఇవన్నీ గూగుల్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లు. రామభద్ర బాగా లావు, హెడింగ్‌కి సరిగ్గా సరిపోతుంది. నెల పేరు పెద్ద సైజులో ప్రింట్ తీసి, వెనకవైపు పెన్సిల్ రుద్ది, పేజీ మీద పెట్టి గట్టిగా దిద్దితే అచ్చు పడుతుంది. పాత వారపత్రికలు ఇంట్లో ఉంటే బాపు గారి రాత చూడండి, చేతిరాతే కంప్యూటర్ ఫాంటు అయిపోయేంత పేరున్న రాత అది. దిద్దడం దొంగతనం అనుకోకండి, పలక మీద అఆలు కూడా దిద్దే నేర్చుకున్నాం.

బొమ్మలకి వీడియోలు చూడటం కాస్త తగ్గించండి. అక్టోబర్ అనగానే గుమ్మడికాయా గబ్బిలమూ ఎందుకు, మీకు కిటికీలోంచి అవి కనిపిస్తున్నాయా? బతుకమ్మ రోజుల్లో బజారు నిండా తంగేడూ గునుగూ. గునుగు గియ్యడం ఎంత సులువంటే, సన్నటి పొడుగు కంకి, చుట్టూ చిన్న చిన్న గీతలు, పైన కాస్త గులాబీ రంగు. అన్నిటికన్నా ముందు, మీ చేతిలో ఉన్నది చుక్కల కాగితం! మీ అమ్మగారు ధనుర్మాసం అంతా ముగ్గులు పెడతారని రాశారు. 5 చుక్కలు, 1 వచ్చేదాకా, సరి చుక్క. మీ పుస్తకంలో అది రెండు సెంటీమీటర్ల మేర వస్తుంది, నెల పేరుకి అటొకటి ఇటొకటి సరిగ్గా పడుతుంది. సందు చుక్క ముగ్గయితే ఒక చుక్క వదిలి ఒక చుక్క తీసుకోవాలి, పై వరస కింద వరసకి సందులో పడేలా. పుస్తకం తీసుకెళ్ళి అమ్మగారినే అడగండి, పెన్సిల్ ఆవిడ చేతికిచ్చి మీరు మాట్లాడకుండా కూర్చోండి.

ముగ్గు తప్పితే ఆవిడ ఏం చేస్తారో చూసే ఉంటారు, కాలితో అలా చెరిపేసి మళ్ళీ చుక్కలు పెడతారు, వాకిలి తవ్వెయ్యరు. పేజీలు చింపడం గురించి చెప్తున్నాను. మే నెల పేజీలు ఊడి చేతిలోకి వస్తున్నాయని రాశారు కదా, అది బైండింగ్ లోపం కాదు. దారంతో కుట్టిన నోటుబుక్కులో ఒకే కాగితాన్ని మడిచి రెండు ఆకులు చేస్తారు. మీరు జులైలో ఒక ఆకు చింపితే ముందెక్కడో ఉన్న దాని జోడీ ఆకు పట్టు తప్పింది. ఇకపై చెడిన హెడింగ్ మీద తెల్ల కాగితం ముక్క అంటించి దాని మీద రాయండి. లేదా రంగు కాగితం, పాత శుభలేఖ ముక్క. అంచు కాస్త కనపడుతుంది, కనపడనివ్వండి.

క్లాసు గురించి ఎక్కువ చెప్పను. డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి ఒకటే అడగండి, తెలుగు నేర్పుతారా అని. ఇంగ్లిష్ మాత్రమే అంటే చెయ్యి స్థిరపడుతుంది, నలుగురు పరిచయం అవుతారు, మీ జులై సమస్య మాత్రం ఇంటికి తిరిగొస్తుంది. ఇంగ్లిష్‌కే వెళ్ళాలనుకుంటే అప్పుడు చేరండి, 4,500కి న్యాయం జరుగుతుంది. ఇంగ్లిష్‌కి వెళ్ళడం ఓటమేం కాదు, ఆరు నెలలు ఇదీ ఆరు నెలలు అదీ రాసుకున్నా ఎవరూ అడగరు. కామెంట్ పెట్టినావిడ కోసం మాత్రం వద్దు.

మీ ఆయన మాట. అందులో సగం నిజం ఉంది, తేదీ రాసుకోలేదు. మిగతా సగం అన్యాయం, ఎందుకంటే ఆ ఇంట్లో గ్యాసూ ఫీజూ మందులూ అన్నీ ఒకే పుస్తకంలో, ఒకే మనిషి చేతిరాతలో ఎందుకున్నాయో ఆయన అడగలేదు. ఇప్పుడే ఆ మాట తీస్తే "చేసిన తప్పు కప్పిపుచ్చుకుంటోంది" అంటారు, గొడవ పెద్దదవుతుంది. తియ్యకుండా వదిలేస్తే లోపల అలాగే ఉంటుంది, రెండు నెలలైనా ఉత్తరంలో అక్షరం పొల్లుపోకుండా రాశారంటే ఉందనే అర్థం. నాకు తోచేది, ముందు నాన్నగారిని తీసుకెళ్ళాల్సిన కొత్త తేదీ దాటనివ్వండి. తర్వాత ఒక కాగితం మీద ఈ నెల తేదీలు రాసి ఫ్రిజ్ మీద అంటించి, గ్యాసూ స్కూలు ఫీజూ పక్కన ఆయన పేరు రాయండి. ఏమంటారో చూడండి. ఏమీ అనకుండా గ్యాస్ బుక్ చేస్తే అదే క్షమాపణ అనుకోవాలా అంటే, అది మీ ఇంటి సంగతి, నాకు తెలియదు.

చివరి ప్రశ్న. ఈ నెల హెడింగ్‌లో "సెప్టెం" దగ్గరికే పేజీ అంచు వచ్చేసిందని, "బర్"కి చోటు లేదని, ఏం చెయ్యాలో తోచక పుస్తకం మళ్ళీ మూసేశానని రాశారు. మూసి ఎన్ని రోజులైందో రాయలేదు. "బర్"ని రెండో వరసలో, కుడి చివర, ట వత్తు పక్కనే ఉన్న ఖాళీలో చిన్నగా రాసెయ్యండి. మా ఊళ్ళో ఒక టైలరు షాపు బోర్డు మీద చివరి అక్షరం అలాగే కిందికి జారి ఉండేది, ముప్ఫై ఏళ్ళు అందరూ అక్కడే బట్టలు కుట్టించుకున్నారు. రాశాక, రంగు ఆరేలోపు, టిఫిన్ బ్యాగు జేబులో ఇంకేమైనా చీటీలున్నాయేమో చూడండి.